అడెయిర్ కౌంటీలో చెరోకీలు ఎంతమంది?

అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రపు తూర్పు కొసన, ఆర్కన్సా సరిహద్దును ఆనుకొని అడెయిర్ అనే ఒక చిన్న కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లాకు దగ్గరి మాటే గాని, పరిమాణంలో దీన్ని మన జిల్లాల పక్కన నిలబెట్టలేము. విస్తీర్ణం దాదాపు 1,500 చదరపు కిలోమీటర్లు. 2020 జనగణనలో తేలిన జనాభా 19,495. అంటే చదరపు కిలోమీటరుకు పట్టుమని పద్నాలుగు మంది కూడా లేరు. ఓక్లహోమాలోని 77 కౌంటీల్లో మూలవాసుల నిష్పత్తి అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది ఇక్కడే, ఆ మూలవాసుల్లో అత్యధికులు చెరోకీలు. ఇంతవరకు చిక్కేమీ లేదు. ‘ఇంతకీ చెరోకీలు ఎంతమంది?’ అని అడిగినప్పుడే చిక్కు మొదలవుతుంది. జనగణన శాఖ ఒక లెక్క చెబుతుంది, చెరోకీల సొంత ప్రభుత్వమైన చెరోకీ నేషన్ మరో లెక్క చెబుతుంది, ఇండియన్ వ్యవహారాల శాఖ ఇచ్చే కార్డు మీద రక్తపు వాటాను చెప్పే ఒక భిన్నం రాసి ఉంటుంది, నేరం జరిగిననాడు కోర్టు అడిగే ప్రశ్న ఈ మూడింటికీ వేరుగా ఉంటుంది.

ఈ లెక్కల్లో ఏదీ అబద్ధం కాదు. ఒక్కో లెక్క ఒక్కో కాలంలో, ఒక్కో అవసరం కోసం, ఒక్కో గీత ఆధారంగా పుట్టింది. ఆ గీతలన్నీ ఒకే నేల మీద ఒకదానిపై ఒకటి పడి ఉండటం వల్ల బయటివారికి అంతా కలగాపులగంగా కనిపిస్తుంది. ‘ఇండియన్’ అనే మాటను తెలుగులో వాడటం మనకు ఇబ్బందే అయినా, అమెరికా చట్టాల్లో ఇప్పటికీ అదే అధికారిక పదం కాబట్టి, చట్టం ప్రసక్తి వచ్చినచోట దాన్నే ఉంచి, మిగతాచోట్ల మూలవాసులు అని రాస్తున్నాను.

ముందుగా నేల సంగతి చూడాలి. ఓక్లహోమా అనగానే చాలామందికి ఎర్రమట్టి మైదానాలు, ఎండు గాలి, చమురు బావులు గుర్తుకు వస్తాయి. అడెయిర్ కౌంటీలో అవేవీ కనిపించవు. ఇది ఓజార్క్ పీఠభూమికి నైరుతి అంచు. దక్షిణ భాగంలో బోస్టన్ పర్వతాల కొసలు లోపలికి చొచ్చుకొని వచ్చాయి. ఏటా 45 అంగుళాలకు పైగా వాన పడుతుంది. ఓక్, హికరీ చెట్ల అడవులు, వాటి నడుమ ఇరుకైన కోనలు, ప్రతి కోనలోనూ ఒక వాగు ఉంటాయి. ఉత్తరాన ఇల్లినాయ్ నది, దానిలో కలిసే బ్యారెన్ ఫోర్క్, దక్షిణాన సల్లిసా క్రీక్, లీ క్రీక్ ఈ కోనల నీటిని మోసుకొని పోతాయి. నేలలో సున్నపురాయితోపాటు చెర్ట్ అనే చెకుముకి జాతి రాయి విరివిగా ఉంటుంది. వాగులోకి దిగితే కాళ్ల కింద మట్టికి బదులు కోసుగా విరిగిన తెల్లటి, బూడిదరంగు రాళ్లు తగులుతాయి. నీళ్లు అడుగు కనబడేంత తేటగా ఉంటాయి. దున్నడానికి ఈ నేల పనికిరాదు, కాని నీరు నిలవని రాతి మెట్టలు స్ట్రాబెర్రీకి బాగా కుదిరాయి. అందుకే కౌంటీ కేంద్రమైన స్టిల్‌వెల్ పట్టణం తనను తాను ప్రపంచ స్ట్రాబెర్రీ రాజధానిగా చెప్పుకుంటూ, 1948 నుంచి ప్రతి మే నెలలో ఉత్సవం చేస్తుంది. చెరోకీల పాత కథ ఒకదానిలో, అలిగి వెళ్లిపోతున్న మొదటి స్త్రీని ఆపడానికి సూర్యుడు ఆమె దారిలో మొలిపించిన పండు కూడా స్ట్రాబెర్రీయే. వాణిజ్య పంటకూ ఆ కథకూ సంబంధం లేదు, ఊరికే గుర్తుకొచ్చింది.

ఈ కోనల స్వభావం తెలియకపోతే జనాభా తీరు అర్థం కాదు. స్టిల్‌వెల్‌లో 2020 నాటికి ఉన్నది దాదాపు 3,700 మంది. ఉత్తరాన వెస్ట్‌విల్, వాట్స్ అనే రెండు చిన్న పట్టణాలున్నాయి. మిగతా జనమంతా ఎక్కడ ఉన్నారంటే బెల్, గ్రీసీ, చెర్రీ ట్రీ, పీవైన్, రాకీ మౌంటెన్, వౌహిల్లా, చ్యూయీ వంటి చోట్ల ఉన్నారు. వీటిని ఊళ్లు అనుకొని వెళితే వీధి కనిపించదు. ఒక బడి, ఒక బాప్టిస్టు చర్చి, ఒక శ్మశానం, ఒకదాని నుంచి మరొకటి అర మైలు దూరాన చెట్ల వెనుక ఇళ్లు, అంతే. కౌంటీ మొత్తానికి తీసుకున్న సగటు ఇలాంటి చోట అక్కరకు రాదు. పట్టణంలో తెల్లవారూ చెరోకీలూ కలిసి ఉంటారు. దక్షిణ కోనల్లోని కొన్ని సముదాయాల్లో మాత్రం అత్యధికులు చెరోకీలే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వాగు ఒడ్డున మొలిచే అడవి ఉల్లిని కోసుకొచ్చి, సన్నగా తరిగి, కోడిగుడ్లతో కలిపి వేయించి, చర్చి హాలులో పదిమందికీ విందు పెట్టే అలవాటు ఈ సముదాయాల్లో ఇంకా నిలిచి ఉంది. ఎవరు ఏ వాగు వారో, ఏ చర్చి వారో తెలిస్తే చాలు, కౌంటీ పేరు చెప్పనక్కరలేదు.

చెరోకీలు ఇక్కడి ఆదిమ నివాసులు కారు. వారి పాత దేశం మిసిసిపీ నదికి తూర్పున, నేటి జార్జియా, టెనెస్సీ, నార్త్ కరొలైనా, అలబామా రాష్ట్రాల కొండ ప్రాంతం. కొందరు చెరోకీలు ముందుగానే ఆర్కన్సాకు వచ్చి, 1828 ఒప్పందం తర్వాత మరింత పడమరకు, అంటే ఇప్పటి ఓక్లహోమా భూమికి జరిగారు. మిగతావారి విషయంలో జరిగింది బలవంతపు తరలింపు. 1829 ప్రాంతంలో జార్జియాలోని చెరోకీ భూముల్లో బంగారం బయటపడింది. 1832లో అమెరికా సుప్రీంకోర్టు వూస్టర్ కేసులో చెరోకీ భూమి మీద జార్జియా చట్టాలు చెల్లవని తీర్పు చెప్పినా, అది అమలు కాలేదు. 1835 డిసెంబరు 29న న్యూ ఎచోటాలో, జాతి ప్రభుత్వపు అనుమతి లేని ఒక చిన్న వర్గం ఒప్పందంపై సంతకాలు చేసింది. ప్రధాన నాయకుడు జాన్ రాస్, జాతిలో అత్యధికులు వ్యతిరేకించినా సెనెట్ దాన్ని ఒకే ఒక్క ఓటు ఆధిక్యంతో ఆమోదించింది. 1838, 1839 సంవత్సరాల్లో సుమారు 16,000 మందిని పడమరకు తరలించారు. దారిలోనూ, శిబిరాల్లోనూ, వచ్చిన కొద్దికాలానికీ చనిపోయినవారు దాదాపు 4,000 మంది అని సాధారణంగా చెబుతారు. దానినే కన్నీటి బాట అంటారు.

ఆ బాట కొసల్లో కొన్ని ఈ కౌంటీలోనే పడ్డాయి. ఆర్కన్సా దాటి వచ్చిన బృందాల్లో కొన్నింటిని ఇప్పటి వెస్ట్‌విల్, స్టిల్‌వెల్ ప్రాంతాల్లో విడదీసి పంపారు. వెస్ట్‌విల్‌కు ఉత్తరాన బాప్టిస్టు మిషన్ ఉన్నచోట, వచ్చినవారికి తిండి సరుకులు పంచేవారు కాబట్టి దానికి బ్రెడ్‌టౌన్ అనే పేరు పడింది. ఒక బృందాన్ని నడిపించుకొని వచ్చిన చెరోకీ పాస్టరు జెస్సీ బుషీహెడ్, ఆయనతో పనిచేసిన ఎవన్ జోన్స్ అక్కడే స్థిరపడ్డారు. 1844లో ఆ మిషన్ అచ్చుయంత్రం మీద ‘చెరోకీ మెసెంజర్’ అనే పత్రిక వెలువడింది. అది సెకోయా అనే చెరోకీ 1821 నాటికి తయారుచేసిన లిపిలో అచ్చయింది. ఆ లిపి తెలుగు చదివేవారికి కొంత ఆసక్తికరమైనది. మన లిపిలాగే అందులోనూ ఒక్కో గుర్తు ఒక్కో అక్షరం, అంటే హల్లూ అచ్చూ కలిసిన ధ్వని. కాని మన గుణింతంలాంటి పద్ధతి లేదు. ‘క’కూ ‘కి’కీ ఆకారంలో పోలికే ఉండదు, ఎనభై అయిదు గుర్తుల్నీ విడివిడిగా నేర్చుకోవలసిందే. అయినా కొద్ది సంవత్సరాల్లోనే జాతిలో పెద్ద భాగం చదవడం నేర్చుకుంది.

వచ్చినవారిలో ఆస్తిపరులు, నల్లజాతి బానిసల్ని వెంట తెచ్చుకున్న కుటుంబాలు ఎక్కువగా నదీలోయల మెత్తటి నేలలను ఎంచుకున్నాయి. ఇంగ్లీషు రానివారు, పాత పద్ధతిలో బతికేవారు తమ పాత కొండల్ని పోలిన ఈ కొండల్లోకి చేరారు. అడెయిర్ కౌంటీలో నేటికీ మూలవాసుల శాతం ఎక్కువగా ఉండటానికి ఇదే మొదటి కారణం అని నా అభిప్రాయం. రాతినేల కావడం వల్ల తర్వాత వచ్చిన వలసదారులకు దాని మీద ఆశ తక్కువ, ఉన్నవారికి దాన్ని పట్టుకొని ఉండటం సాధ్యమైంది.

అప్పట్లో కౌంటీ అన్నది లేదు. చెరోకీ నేషన్‌కు సొంత రాజ్యాంగం, శాసనసభ, కోర్టులు ఉండేవి, తాలెక్వా రాజధాని. దేశం జిల్లాలుగా విభజించి ఉండేది. ఇప్పటి అడెయిర్ కౌంటీలో ప్రధాన భాగం ఫ్లింట్, గోయింగ్‌స్నేక్ అనే రెండు జిల్లాలది. ఫ్లింట్ అంటే చెకుముకి, వాగులోని రాయి పేరే. గోయింగ్‌స్నేక్ ఒక పెద్దమనిషి. తూర్పు దేశంలో జాతీయ సభకు స్పీకరుగా ఉండి, ముసలితనంలో కన్నీటి బాట నడిచి వచ్చినవాడు.

ఆయన పేరున్న గోయింగ్‌స్నేక్ జిల్లాలో 1872లో జరిగిన ఒక సంఘటన, నూట యాభై ఏళ్ల తర్వాతి చట్టపు చిక్కును ముందుగానే చూపించింది. జీక్ ప్రాక్టర్ అనే చెరోకీ, ఒక తెల్లవాడి మీద తుపాకీ పేల్చబోయిన సందర్భంలో పాలీ బెక్ అనే చెరోకీ స్త్రీ చనిపోయింది. చంపినవాడూ చనిపోయిన ఆమే ఇద్దరూ చెరోకీలు కాబట్టి విచారణ తమదేనని చెరోకీ కోర్టు మొదలుపెట్టింది. గాయపడిన తెల్లవాడు ఆర్కన్సాలోని ఫోర్ట్ స్మిత్‌కు వెళ్లి, ఫెడరల్, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వపు కోర్టు నుంచి వారెంటు తెచ్చాడు. ఏప్రిల్ 15న ఒక బడి భవనంలో విచారణ సాగుతుండగా ఫెడరల్ మార్షళ్ల బృందం చేరుకుంది. గది లోపలా బయటా కాల్పులు జరిగి 11 మంది చనిపోయారు. ప్రాక్టర్ నిర్దోషిగా విడుదలయ్యాడు. తర్వాత అరెస్టులకు ప్రయత్నాలు జరిగినా కేసు చివరకు ఎటూ పోలేదు. అసలు వివాదం హత్య గురించి కాదు. ఈ నేల మీద ఈ మనిషిని విచారించే అధికారం ఎవరిది అన్నదే వివాదం.

చెరోకీ భూమి అంతా అప్పటివరకు జాతి ఉమ్మడి ఆస్తి. సాగు చేసుకున్నవాడిది సాగు హక్కు మాత్రమే, అమ్ముకొనే హక్కు ఎవరికీ లేదు. ఈ పద్ధతిని పగలగొట్టడానికి అమెరికా ప్రభుత్వం 1893లో డాస్ కమిషన్‌ను వేసింది, 1898లో కర్టిస్ చట్టం తెచ్చింది. 1902 ఒప్పందం ప్రకారం చెరోకీ జాతి జాబితాలో చేరిన ప్రతి మనిషికీ సగటు విలువగల 110 ఎకరాలకు సరిపడా భూమి ఇవ్వాలి. కొలత విలువను బట్టి కాబట్టి, రాతినేల వచ్చినవారికి ఎకరాలు ఎక్కువ పడేవి. తర్వాతి కాలంలో చెరోకీ నేషన్‌కు తొలి మహిళా ప్రధాన నాయకురాలైన విల్మా మ్యాన్‌కిల్లర్ కుటుంబానికి రాకీ మౌంటెన్ దగ్గర ఉన్న 160 ఎకరాలు ఆమె తాతగారికి ఇలా వచ్చినవే.

ఆ పంపకానికి కావలసిన జాబితానే డాస్ రోల్. ఇందులో ప్రతి పేరు ఎదుట రక్తపు వాటా రాశారు: పూర్తి, సగం, పావు, పదహారోవంతు. రాసింది చాలాసార్లు గుమాస్తా, ముఖం చూసి, అడిగి తెలుసుకొని. చెరోకీ సంప్రదాయంలో వంశం తల్లివైపు నుంచి వస్తుంది, ఏడు వంశాల్లో తల్లిది ఏదైతే బిడ్డది అదే. తండ్రి ఎవరైనా బిడ్డ పూర్తి చెరోకీయే. భిన్నాలు అన్న ఆలోచనే బయటినుంచి వచ్చింది. యూరపు వర్తకుల సంతతి అయి, చెరోకీ రాజకీయాల్లో పైకి వచ్చిన అడెయిర్ కుటుంబం పేరునే చివరకు ఈ కౌంటీకి పెట్టడం గమనించదగ్గది. కిటూవా సంఘానికి చెందిన సంప్రదాయవాదులు, రెడ్‌బర్డ్ స్మిత్ నాయకత్వంలో, జాబితాలో చేరడానికే నిరాకరించారు. కొందరిని పట్టుకొని జైలులో పెట్టారు, కొందరి పేర్లు వారి అనుమతి లేకుండానే ఎక్కించారు. 1907లో జాబితాను మూసివేశారు.

అదే సంవత్సరం నవంబరు 16న ఓక్లహోమా రాష్ట్రం ఏర్పడింది. అంతకు రెండేళ్ల ముందు, 1905లో, మూలవాసుల నాయకులు మస్కోగీలో సమావేశమై సెకోయా పేరుతో తమకు ప్రత్యేక రాష్ట్రం కావాలని రాజ్యాంగం కూడా రాసి పంపారు. వాషింగ్టన్‌లో దాన్ని పట్టించుకోలేదు. రాష్ట్రంతోపాటే అడెయిర్ కౌంటీ పుట్టింది. వెస్ట్‌విల్ మొదటి కేంద్రం, 1910లో స్టిల్‌వెల్‌కు మారింది. ఈ స్టిల్‌వెల్ అనే పేరు కూడా, 1890లలో కాన్సాస్ సిటీ నుంచి దక్షిణానికి రైలు మార్గం వేసిన ఆర్థర్ స్టిల్‌వెల్ అనే రైల్వే యజమానిది.

పంచిన భూమి చేతులు మారడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1908 చట్టం, సగం కంటే తక్కువ చెరోకీ రక్తం ఉన్నట్లు రాసి ఉన్నవారి భూముల అమ్మకంపై ఉన్న ఆంక్షలను ఎత్తివేసింది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో 1/70 చట్టం సంగతి తెలిసినవారికి ఇలాంటి ఆంక్ష కొత్త కాదు. తేడా ఏమిటంటే, మన దగ్గర రక్షణ ప్రాంతాన్ని బట్టి వస్తుంది, అక్కడ జాబితాలోని భిన్నాన్ని బట్టి వచ్చింది. వారసుడి రక్తం సగానికి తగ్గిన తరంలో భూమికి రక్షణ పోయేది. ఆ కనీస వాటా నిబంధనను సడలిస్తూ చట్టసవరణ వచ్చింది 2018లో మాత్రమే, అప్పటికి పోయింది పోనే పోయింది.

ఈ నేపథ్యంతో ఇప్పుడు లెక్కల దగ్గరకు వద్దాం. ఊహకు ఒక ఇంటిని తీసుకుందాం. గ్రీసీ దగ్గర ఒక అవ్వ ఉంది. ఆమె తల్లిదండ్రులిద్దరి పూర్వీకులూ డాస్ రోల్‌లో పూర్తి చెరోకీలుగా ఉన్నారు. ఆమె కొడుకు తండ్రి తెల్లవాడు. ఆ కొడుకూ ఒక తెల్ల అమ్మాయినే పెళ్లాడాడు, వారికి ఒక కూతురు. ఇండియన్ వ్యవహారాల శాఖ ఇచ్చే కార్డులో అవ్వది పూర్తి, కొడుకుది సగం, మనుమరాలిది పావు. చెరోకీ నేషన్ పౌరసత్వానికి వాటాతో పని లేదు, జాబితాలో ఒక్క పూర్వీకుడు ఉంటే చాలు, కాబట్టి ముగ్గురూ సమాన పౌరులే. తాలెక్వాలోనే కేంద్రం ఉన్న మరో ఫెడరల్ గుర్తింపు గల జాతి, యునైటెడ్ కిటూవా బ్యాండ్, కనీసం పావు వాటా అడుగుతుంది. అక్కడ మనుమరాలు గీత మీద నిలబడింది, ఆమె బిడ్డ గీత దాటిపోవచ్చు. ఇక జనగణన కాగితం మీద ఎవరి జాతి ఏమిటో వారే రాసుకుంటారు. మనుమరాలు ‘మూలవాసి’ గడిలో టిక్కు పెట్టవచ్చు, ‘తెల్ల’ గడిలో పెట్టవచ్చు, రెంటిలోనూ పెట్టవచ్చు. ముగ్గురు మనుషులు, ఒకే వంటిల్లు, నాలుగు కార్యాలయాల్లో నాలుగు రకాల సమాధానం.

రెండు గడుల్లో టిక్కు పెట్టే అవకాశం జనగణనలో వచ్చిందే 2000 సంవత్సరంలో. ఆ ఏడాది అడెయిర్ కౌంటీలో కేవలం మూలవాసులమని చెప్పినవారు 42 శాతం పైచిలుకు, కేవలం తెల్లవారమని చెప్పినవారు అంతకంటే కొంచెం ఎక్కువ, రెండూ అని చెప్పినవారు పదోవంతుకు లోపు. తర్వాతి జనగణనల్లో ఈ మూడో వర్గమే పెరుగుతూ వచ్చింది. 2020లో ప్రశ్న అడిగే తీరు, రాసిన జవాబును సంకేతాలుగా మార్చే తీరు మారిన తర్వాత, దేశం మొత్తం మీద మూలవాసులమని ఏదో ఒక విధంగా చెప్పుకున్నవారు 52 లక్షల నుంచి 97 లక్షలకు ఎగబాకారు. పదేళ్లలో అంతమంది పుట్టరు. కౌంటీల మధ్య, దశాబ్దాల మధ్య ఈ శాతాల్ని పోల్చి ‘పెరిగారు’, ‘తగ్గారు’ అని రాసేవారు ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే సగం పొరపాట్లు తప్పుతాయి.

చెరోకీ నేషన్ పౌరుల జాబితా ఇప్పుడు 4 లక్షల 50 వేలు దాటింది. అందులో చాలామంది రిజర్వేషన్, అంటే చట్టం ఆ జాతికి కేటాయించిన భూభాగం, బయట, కాలిఫోర్నియా, టెక్సస్ వంటి చోట్ల ఉన్నారు. జాబితా రక్తాన్ని సూచించదనడానికి మరో రుజువు కూడా ఉంది. చెరోకీల దగ్గర బానిసలుగా ఉండి, 1866 ఒప్పందంతో పౌరులైన నల్లజాతి కుటుంబాల వారసుల హక్కును 2017లో ఫెడరల్ కోర్టు నిలబెట్టింది. 2021లో చెరోకీ సుప్రీంకోర్టు తమ రాజ్యాంగంలోని ‘రక్తం చేత’ అన్న మాటల్ని తొలగించింది. అంటే చెరోకీ పౌరసత్వం ఒక దేశపు పౌరసత్వంలాంటిది. దాన్ని జాతుల శాతాల పట్టికలో వెతకడమే పొరపాటు.

మొత్తం జనాభా కథ ఇంకొంచెం సూటిగా ఉంటుంది. 1910లో 10,535 మంది, 1940లో 15,755, ఆ తర్వాత 1960 నాటికి 13,112కు పడిపోయింది. మాంద్యం, యుద్ధకాలపు కర్మాగార ఉద్యోగాలు జనాన్ని పడమటి తీరానికి లాక్కెళ్లాయి. 1950లలో మూలవాసులను నగరాలకు తరలించే ప్రభుత్వ పథకమూ తోడైంది. విల్మా మ్యాన్‌కిల్లర్ కుటుంబం 1956లో శాన్ ఫ్రాన్సిస్కోకు వెళ్లింది ఆ పథకం కిందనే. 1960 తర్వాత గాలి తిరిగింది. చెరోకీలు 1971లో, రాష్ట్రం ఏర్పడ్డాక మొదటిసారిగా, తమ నాయకుణ్ణి తామే ఎన్నుకున్నారు. సరిహద్దుకు అవతల వాయవ్య ఆర్కన్సాలో కోళ్ల పరిశ్రమ, రిటైలు వ్యాపారం పెరిగాయి. వాల్‌మార్ట్ కేంద్రమైన బెంటన్‌విల్‌లో ఐటీ ఉద్యోగాలు చేసే తెలుగువారు కూడా ఉన్నారు. వారికి అడెయిర్ కౌంటీ కారులో గంటా గంటన్నర దూరం. కౌంటీ జనాభా 2000లో 21,038కి, 2010లో 22,683కి చేరింది.

ఆపైన 2020లో ఒక్కసారిగా 19,495. దాదాపు 14 శాతం తగ్గుదల. ఇది నిజమైన వలసా, లెక్క తప్పా? రెండూ కొంత ఉండవచ్చు. కరోనా మొదటి సంవత్సరంలో, ఇంటి నంబరు లేని, ఉత్తరాలు పోస్టాఫీసు పెట్టెకు వచ్చే కోనల్లో గణకులు తిరగడం ఎంత కష్టమో ఊహించవచ్చు. రిజర్వేషన్ భూములపై నివసించే మూలవాసులను 5.64 శాతం తక్కువగా లెక్కించామని జనగణన శాఖే తర్వాత ఒప్పుకుంది. అయితే ఆ అంకెను నేరుగా ఇక్కడికి తేలేము. ఆ జనగణన పటాల్లో ఈ ప్రాంతం రిజర్వేషన్‌గా లేదు, ‘ఓక్లహోమా జాతుల గణాంక ప్రాంతం’ అనే వేరే పేరుతో ఉంది. మళ్లీ అదే గీతల సమస్య.

అంకెను నమ్మేముందు గీతను చూడాలనడానికి మరో ఉదాహరణ ఆయుర్దాయం. 2018లో విడుదలైన ఒక జాతీయ అంచనాలో, 2010 నుంచి 2015 వరకు మరణాల ఆధారంగా, స్టిల్‌వెల్ ప్రాంతపు జనగణన ట్రాక్టులో సగటు ఆయుర్దాయం 56.3 ఏళ్లు అని తేలింది. దేశం మొత్తంలో అదే అత్యల్పం, జాతీయ సగటు కంటే ఇరవై ఏళ్లకు పైగా తక్కువ. వార్తల్లో పట్టణం పేరు మారుమోగింది. మధుమేహం, గుండెజబ్బులు, పేదరికం ఇక్కడ ఎక్కువన్నది నిజం. కాని ట్రాక్టు అంటే కొన్ని వేలమంది ఉండే చిన్న గడి. అలాంటి గడిలో ఒక వృద్ధాశ్రమం ఉన్నా, కొన్నేళ్లలో కొన్ని మరణాలు అటూఇటూ అయినా సగటు చాలా దూరం కదులుతుంది. ఆ అంకెను పూర్తిగా కొట్టిపారేయడమూ, పట్టణంలోని ప్రతి మనిషి నుదుటా అంటించడమూ రెండూ తొందరపాటే.

అంకెల్లో కనబడని సంగతి తెలుసుకోవాలంటే బెల్ దగ్గర ఆగాలి. కౌంటీ దక్షిణ భాగంలోని ఈ చెరోకీ సముదాయంలో 1980ల మొదట్లో చాలా ఇళ్లకు కుళాయి నీరు లేదు. అప్పటికి కాలిఫోర్నియా నుంచి తిరిగివచ్చి చెరోకీ నేషన్‌లో సముదాయ అభివృద్ధి విభాగాన్ని నడుపుతున్న మ్యాన్‌కిల్లర్, తర్వాత ఆమె భర్త అయిన చార్లీ సోప్ కలిసి, కాంట్రాక్టరుకు అప్పగించకుండా ఊరివారి చేతనే 16 మైళ్ల గొట్టం వేయించారు. కుటుంబాలు దూరాన్ని పంచుకొని కందకం తవ్వాయి. తవ్వింది మట్టి కాదు, ఆ చెకుముకి రాళ్ల నేలే. నలుగురూ కలిసి ఒకరి పని చేసిపెట్టే పద్ధతికి చెరోకీలో ‘గడుగి’ అని పేరు. నీటిని ‘అమ’ అంటారు. ఆ పనిలో వచ్చిన పేరు ఆమెను 1983లో ఉపనాయకురాలిగా, 1985లో ప్రధాన నాయకురాలిగా చేసింది.

నేరవిచారణ గీత ఇంకా తాజాది. 2020 జూలై 9న అమెరికా సుప్రీంకోర్టు మెగర్ట్ కేసులో 5–4 ఆధిక్యంతో, పొరుగున ఉన్న మస్కోగీ జాతి రిజర్వేషన్‌ను అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ఏనాడూ రద్దు చేయలేదు కాబట్టి అది ఇంకా ఉన్నట్టేనని తీర్పు చెప్పింది. 2021 మార్చిలో ఓక్లహోమా అప్పీలు కోర్టు అదే తర్కాన్ని చెరోకీలకు వర్తింపజేసింది. పద్నాలుగు కౌంటీల్లో, దాదాపు 7,000 చదరపు మైళ్ల మేర ఉన్న ఆ రిజర్వేషన్‌లో అడెయిర్ కౌంటీ మొత్తం ఉంది. భూమి యాజమాన్యం మారలేదు, ఎవరి ఇల్లూ ఎవరికీ పోలేదు. మారింది విచారణ అధికారం. నిందితుడు ఇండియన్ అయితే కేసు ఫెడరల్ కోర్టుకో చెరోకీ కోర్టుకో పోవాలి. నిందితుడు కాదు, బాధితుడు మాత్రమే ఇండియన్ అయితే ఫెడరల్ ప్రభుత్వంతోపాటు రాష్ట్రానికీ అధికారం ఉంటుందని 2022లో మరో తీర్పు వచ్చింది. ఇద్దరూ కాకపోతే రాష్ట్రానిదే. ఇండియన్ అని తేల్చడానికి కొంతైనా రక్తం, ఒక జాతి గుర్తింపు, రెండూ చూస్తారు. కాబట్టి స్టిల్‌వెల్ రోడ్డు మీద ఒక పోలీసు అధికారి కారును ఆపినప్పుడు, ఆ మనిషి దగ్గర ఏ కార్డు ఉందన్నది ప్రాణప్రదమైన ప్రశ్న అవుతుంది. 1872లో బడి భవనంలో తుపాకులతో తేలని ప్రశ్నే ఇది. ఇప్పుడు చెరోకీ మార్షళ్లు, కౌంటీ షెరీఫులు పరస్పర ఒప్పందాలు రాసుకొని పని నడుపుతున్నారు.

ఇన్ని లెక్కల్లో ఒక లెక్క మాత్రం ఏటా తగ్గుతూనే ఉంది. చెరోకీ మాతృభాషగా మాట్లాడేవారు సుమారు రెండు వేల మందే మిగిలారని చెబుతూ, చెరోకీ నేషన్, యునైటెడ్ కిటూవా బ్యాండ్, నార్త్ కరొలైనాలోని ఈస్టర్న్ బ్యాండ్ అనే మూడు చెరోకీ జాతులూ కలిసి 2019లో భాషా అత్యవసర స్థితిని ప్రకటించాయి. మిగిలినవారిలో ఎక్కువమంది వృద్ధులు. అడెయిర్ కౌంటీ కోనలు, పక్కనున్న చెరోకీ కౌంటీ వారి ప్రధాన నివాసం. ఈ లెక్కకు కార్డు అక్కరలేదు, భిన్నం అక్కరలేదు. ఆదివారం చర్చిలో సెకోయా లిపిలో అచ్చయిన పాటల పుస్తకం తెరిచి, పాత చెరోకీ కీర్తన ఎత్తుకున్నప్పుడు, చూడకుండా పాడేవారెవరో, పుస్తకంలో వేలు పెట్టి వెతుక్కునేవారెవరో పక్కన కూర్చున్నవారికే తెలుస్తుంది.

స్టిల్‌వెల్‌కు దక్షిణాన ఉన్న ఒక చిన్న బడి పేరు డలోనెగా. చెరోకీలో ‘దలోనిగె’ అంటే పసుపు రంగు. 1829లో బంగారం బయటపడి చెరోకీలను వెళ్లగొట్టడానికి దారితీసిన జార్జియా పట్టణం పేరూ అదే. 2010 ఏప్రిల్‌లో చనిపోయిన మ్యాన్‌కిల్లర్‌ను కౌంటీలోనే ఒక కొండ పక్కనున్న శ్మశానంలో పూడ్చారు. దాని పేరు ఎచోటా.